రాతిమొగ్గ జిన్‌కు పడ్డ ముద్ర

రుచి చూసి చెప్పడమే వృత్తిగా బతికేవాళ్ళంటే బట్టీ అక్కకి ఒళ్ళుమంట. వాళ్ళు గ్లాసు ఊపుతారు. వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తారు. ముక్కు లోపలికంటా దూర్చి కళ్ళు మూసుకుంటారు. ఆ తర్వాత ఎవరో చెవిలో ఊదినట్టు ‘వాన వెలిసిన అడవి’ అంటారు. వాన వెలిసిన అడవిలో అక్క బోలెడుసార్లు తిరిగింది. అక్కడ బురద వాసనా, కుళ్ళిన ఆకుల వాసనా తప్ప మరేం ఉండదు. ఆ వాసన తన జిన్‌లో వచ్చిందంటే దానర్థం బట్టీ సరిగ్గా కడగలేదని.

ఆమెని అందరూ బట్టీ అక్క అనే పిలుస్తారు. మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో రాగి బట్టీ పెట్టుకుని జిన్ కాస్తుంది. కాయడం ఆమె పని. సీసాలు, చీటీలు, అమ్మకం తమ్ముడి పని. ఫోటోలు తీసి ఫోన్లలో పెట్టడం, వచ్చినవాళ్ళని చూసి నవ్వడం మరదలి పని. నవ్వే పని తనకి పడనందుకు అక్క రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

జిన్ అంటే బ్రహ్మవిద్యేం కాదని ఆమే చెప్పేది. రుచీ వాసనా లేని స్పిరిట్‌లో జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మతొక్కలు వేసి రాగి బట్టీలో కాస్తే దిగేది జిన్. ఆ మూడూ ఎవరి జిన్‌లోనైనా ఉంటాయి. నాలుగోది ఏం వేశావన్న దగ్గరే మనిషి తెలివి బయటపడుతుంది. ఈ రోజుల్లో ఆ తెలివి ఎంతదాకా పోయిందో ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది. ఒకడు దోసకాయ వేస్తాడు, ఒకడు టీ పొడి వేస్తాడు, ఒకడు ఏకంగా సముద్రపు నాచు వేసి ‘అలల పాట’ అని పేరు పెడతాడు.

ఆమె నాలుగోది రాతిమొగ్గ. ఊరికి ఉత్తరాన ఉన్న కొండ చరియలో, రాళ్ళ సందుల్లో పెరిగే పిచ్చిమొక్క మొగ్గ అది. బఠాణీ గింజంత ఉంటుంది, బూడిదరంగు, చూడ్డానికి ఏ అందమూ లేదు. మూడేళ్ళ కిందట నడక కోసం కొండెక్కినప్పుడు, ఊరికే ఒకటి తెంపి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. చూసి అక్కడే ఒక రాయి మీద కూలబడింది. ముందు ఒక ఘాటు, దాని వెనకే గొంతు దాకా దిగే చల్లదనం. అలాంటి వాసన ఆమె ముక్కుకి అంతకు ముందెప్పుడూ తగల్లేదు. ఇది నాది అనుకుంది.

మొదటి ఏడాది మొగ్గల్ని నేరుగా స్పిరిట్‌లో వేసి ఉడికించింది. నోట్లో పెట్టుకోలేనంత చేదు వచ్చింది. రెండో ఏడాది ఎండబెట్టి వేసింది. గడ్డి నమిలినట్టు ఉంది. మూడో ఏడాదికి కిటుకు దొరికింది. ఎండ పొడ తగలకముందే కోయాలి, నీడలో గుడ్డ మీద పదకొండు రోజులు ఆరనివ్వాలి, తర్వాత బట్టీ మెడలో ఉండే చిల్లుల బుట్టలో పోసి వేలాడదీయాలి. అప్పుడు స్పిరిట్ వాటిని తాకదు, ఆవిరి మాత్రం వాటి మధ్యనుంచి పోతుంది. పోతూ పోతూ కావలసినంతే తీసుకుంటుంది. ఈ మూడు సంగతులు నేర్చుకోవడానికి ఆమెకి మూడేళ్ళు పట్టింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

మొగ్గలు కోసి తెచ్చేది కొండ కింద ఇళ్ళలోని నలుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దావిడ బుట్టల పిన్ని. వారానికి రెండుసార్లు పొద్దున్నే రెండు బుట్టలు భుజాన వేసుకుని షెడ్డు వెనక గుమ్మం దగ్గరికి వచ్చేది.

ఇప్పుడు ఆ మూడేళ్ళ కష్టం ఒక ముద్ర మీద ఆధారపడి ఉంది. ప్రాంతీయ ముద్ర అంటారు దాన్ని. అది ఎవరి సీసాకి పడితే రాతిమొగ్గ అన్న పేరు వాళ్ళదే, ఆ కొండ మీద మొగ్గ కోసే హక్కూ వాళ్ళదే. హైవే పక్కన కోటలా కట్టుకున్న పెద్ద కంపెనీ కూడా దరఖాస్తు పెట్టింది. ముద్ర వాళ్ళకి పోతే అక్క తను కనిపెట్టిన మొగ్గని తనే తాకకూడదు. తన జిన్‌ని తన నోటితో ఆ పేరు పెట్టి పిలవకూడదు.

“అక్కా, రూల్సు కాగితం ఒక్కసారి చదవవే. పద్నాలుగు పేజీలే,” అని తమ్ముడు వారంలో మూడుసార్లు బతిమాలాడు.

“నేను కాసేది జిన్‌రా, పరీక్ష రాసేది కాదు,” అంది అక్క. ఆ పద్నాలుగు పేజీల్నీ మొగ్గలు ఆరబెట్టిన గుడ్డ ఎగిరిపోకుండా ఒక మూల బరువు పెట్టింది. దాని మీద ఒక ఇటుక కూడా పెట్టింది, కాగితం ఒక్కదాని బరువు మీద ఆమెకి నమ్మకం లేదు.

రుచి చూడ్డానికి వచ్చే ఇద్దరిలో ఒకడు ఎవడో తెలిశాక మాత్రం ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన పత్రికలో వారం వారం పానీయాల మీద వ్యాసం రాస్తాడు. నోట్లో పోసుకున్నదాన్ని గుడగుడమని పుక్కిలించి, అరనిమిషం అలాగే ఉంచి, ఆ తర్వాత మింగుతాడు. అక్క ఆయనకి పుక్కిలింత అని పేరు పెట్టింది. రెండేళ్ళ కిందట ఒక ఎగ్జిబిషన్లో ఆమె సాదా జిన్ తాగి, ‘ఇందులో గులాబీ రేకుల నీడ కదులుతుంది’ అని రాశాడు. ఆమె షెడ్డు గడప గులాబీ ఎప్పుడూ తొక్కలేదు. ఆ వ్యాసాన్ని కత్తిరించి బాత్రూమ్ తలుపుకి లోపలివైపు అంటించింది. ఆ మనిషి ఇప్పుడు తన మొగ్గకి మార్కులు వేస్తాడట.

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చాక వారం రోజులు తనలో తనే నవ్వుకుంది. చిల్లుల బుట్ట ఖాళీగా వదిలేసి ఒక వాయి కాచింది. అంటే జూనిపర్, ధనియాలు, నిమ్మతొక్కలు, అంతే. దాన్ని ‘రాతిమొగ్గ’ చీటీ అంటించిన సీసాలో పోసింది. అసలు మొగ్గ జిన్‌ని చీటీ లేని సీసాలో పోసి బల్ల కింద పెట్టింది. ముందు ఉత్తుత్తిది పోస్తుంది. వాళ్ళు మొగ్గని ఆకాశానికెత్తుతారు. ఎత్తాల్సినంత ఎత్తనిచ్చి, అప్పుడు చెబుతుంది. ముఖాలు మాడిపోతాయి. ఆ మాడిన ముఖాలతో, బుద్ధిగా, నోరు మూసుకుని అసలుది రుచి చూస్తారు. జీవితంలో మొదటిసారి నాలుకతో తాగుతారు. ఇదీ పథకం. తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడు కాళ్ళు పట్టుకుంటాడని తెలుసు.

రుచి చూసేవాళ్ళు వచ్చే రోజు పదింటికల్లా షెడ్డు ముందుగది సిద్ధమైంది. మరదలు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పూలు పెట్టింది. అక్క వచ్చి చూసి, కుండీతో సహా పూలు తీసుకెళ్ళి బయట పెట్టింది.

“వాసన చూసే గదిలో పూలు పెడతారుటే? పైగా నువ్వు సెంటు కొట్టుకున్నావు. పో, స్నానం చేసి రా.”

“కొంచెమే వదినా.”

“గుమ్మం దగ్గరే తగిలింది నాకు. పో.”

మరదలు ముఖం ముడుచుకుని వెళ్ళింది. తడి జుట్టుతో తిరిగొచ్చేసరికి వాళ్ళు ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పుక్కిలింత మెడకి పట్టు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. పక్కన పెద్ద హోటల్లో బార్ నడిపే మేడమ్, ఆవిడ గోళ్ళ పొడవు చూస్తే గ్లాసు ఎలా పట్టుకుంటుందా అని ఎవరికైనా బెంగ పుడుతుంది. మూడోవాడు ముద్ర వేసే ఆఫీసరు. అసలు తాగడు. ఒక బ్రీఫ్‌కేసులోంచి ఫారాలు, గుప్పెడంత గాజు సీసాలు రెండు, లక్క కడ్డీ, కొవ్వొత్తి తీసి వరసగా పేర్చుకున్నాడు. శ్రాద్ధానికి వచ్చిన పురోహితుడిలా చాలా శ్రద్ధగా ఉన్నాడు.

అక్క చీటీ సీసా తెచ్చి తనే పోసింది. గ్లాసుకి ఇంత నీళ్ళు కలిపింది. నీళ్ళు పడితేగాని వాసన విప్పుకోదు.

పుక్కిలింత గ్లాసు ఊపాడు. వెలుతురుకి ఎత్తాడు. ముక్కు దూర్చాడు. గది మొత్తం ఆయన ముక్కు కోసం ఊపిరి బిగబట్టింది. తర్వాత నోట్లో పోసుకుని గుడగుడలాడించాడు.

“ఓహ్,” అన్నాడు కళ్ళు తెరవకుండా. “వచ్చింది. మొగ్గ వచ్చింది. ముందు దాక్కుంది, నాలుక అంచున పట్టుకున్నాను.”

“రాయి,” అంది హోటల్ మేడమ్. “నాకు రాయి తెలుస్తోందండీ. ఎండకి కాలిన రాయి మీద మొదటి చినుకు పడినట్టు.”

“కరెక్ట్. రాయి, దాని కింద మొగ్గ. ఆ రెంటి మధ్యా ఒక మౌనం.”

అక్క చెక్కిళ్ళ లోపలివైపు కొరుక్కుంది. లేకపోతే పక్కున నవ్వేసేది. మౌనమట. బుట్ట ఖాళీగా ఉంటే మౌనం కాక మరేం ఉంటుంది. తమ్ముడు ఆమె వైపు తిరిగి కళ్ళతోనే ‘చూశావా’ అన్నాడు, పాపం వాడికి పట్టరాని సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూసి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం పుక్కిలింత ‘ఆకుపచ్చని ముగింపు’ అన్నాడు, ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

“ఇంకొంచెం తీసుకోండి. తొందరేం లేదు,” అంది అక్క. ఆమె గొంతులో అంత తేనె మరదలు ఎప్పుడూ వినలేదు, అనుమానంగా చూసింది.

వాళ్ళు రెండోసారి తీసుకున్నారు. మూడోసారీ తీసుకున్నారు. మేడమ్‌కి చిన్నప్పుడు వాళ్ళ పెరట్లో ఉన్న బావి గట్టు గుర్తొచ్చింది. పుక్కిలింతకి ఎవరో గుర్తొచ్చారు గానీ పేరు చెప్పనన్నాడు. ఇద్దరూ చెప్పిందల్లా ఆఫీసరు గుండ్రటి అక్షరాలతో ఫారం మీద ఎక్కించాడు. మధ్యలో ఆయన లేచి, చీటీ సీసాలోంచి రెండు చిన్న సీసాల్లోకి జాగ్రత్తగా పోసుకుని, బిరడా బిగించి, కొవ్వొత్తి వెలిగించాడు. అక్క అది చూసింది. చూసీ పట్టించుకోలేదు.

ఇక్కడే ఆమె పప్పులో కాలేసింది. బట్టీ దగ్గర బతికే మనిషి మాత్రమే వేసే కాలు అది. బట్టీలోంచి మొదట దిగే ధారని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందులో తలతిప్పే సరుకంతా ఉంటుంది, బకెట్లోకి వదిలి పారబోస్తారు. అసలు జిన్ ఆ తర్వాత వస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె చేతులు అదే పని చేస్తున్నాయి. మొదట పోసింది ఎప్పుడూ ఉత్తదే, రెండోదే నిలబడుతుంది. ఆ గదిలో కూడా అంతేననుకుంది. ఆఫీసుల్లో మొదట పోసిందే లెక్కని ఆమెకి తోచనైనా తోచలేదు.

ఎర్రటి లక్క బిరడా మీద బొట్టుబొట్టుగా కారింది. ఆఫీసరు ఇత్తడి ముద్ర అదిమాడు. పుక్కిలింత, మేడమ్ సంతకాలు చేశారు. తమ్ముడు రెండు చేతులూ జోడించాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక చాలనుకుంది అక్క. లేచి నిలబడింది.

“మీరు తాగినదాంట్లో రాతిమొగ్గ లేదు.”

ఆఫీసరు లక్క కడ్డీని బ్రీఫ్‌కేసులో పెట్టబోతూ ఆగాడు.

“ఒక్క మొగ్గ కూడా లేదు. బుట్ట ఖాళీగా పెట్టి కాచాను. కావాలనే చేశాను. మీ రాయీ, మీ మౌనమూ, మీ బావి గట్టూ అన్నీ జూనిపరూ ధనియాలే. అసలుది ఇదీ,” అని బల్ల కిందనుంచి చీటీ లేని సీసా తీసి టక్కుమని పెట్టింది.

ముఖాలు మాడతాయని ఎదురుచూసింది. మాడలేదు. పుక్కిలింత మేడమ్ వైపు చూశాడు, మేడమ్ పుక్కిలింత వైపు చూసింది, తర్వాత ఇద్దరూ హాయిగా నవ్వారు.

“ఈవిడగారికి హాస్యం ఎక్కువేనండీ,” అన్నాడాయన. “ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొగ్గ ఉందో లేదో నాకు తెలీదా? కొందరు కళాకారులు అంతే. మెచ్చుకుంటే తట్టుకోలేరు.”

“తాగి చూడండి,” అంది అక్క. మూడేళ్ళ కష్టాన్ని రెండు గ్లాసుల్లో పోసి, నీళ్ళు కలిపి వాళ్ళ ముందుకి తోసింది.

పుక్కిలింత నోట్లో పోసుకున్నాడు. ఈసారి గుడగుడలాడించలేదు. చప్పున మింగి, నాలుకని పళ్ళకేసి రుద్దుకున్నాడు.

“దగ్గు సిరప్,” అన్నాడు.

“అబ్బ, అవునండీ!” అంది మేడమ్ గ్లాసు దూరంగా జరుపుతూ. “చిన్నప్పుడు ముక్కు మూసి పోసేవాళ్ళు నాకు. అచ్చం అదే.”

“ఇది చెడిపోయిన వాయి అయ్యుంటుంది,” అని ఆఫీసరుకి వివరించాడాయన, చాలా దయగా. “పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాని గొప్పతనం తెలుస్తుందని ఆవిడ ఉద్దేశం. బావుంది. కానీ దీన్ని మాత్రం మార్కెట్లోకి తేకండమ్మా.”

అక్క తమ్ముడి వైపు తిరిగింది. వాడికి తెలుసు. మూడేళ్ళుగా ఆ రెండు జిన్‌ల మధ్య తేడా రోజూ చూసినవాడు, రెండో సీసా మూత తీయగానే గదిలోకి వచ్చిన వాసన వాడికి తెలియకుండా ఉండదు. వాడి ముఖం పాలిపోయింది. ఆఫీసరు కలం పైకెత్తి, “ఆవిడ చెప్పింది రాసుకోవాలా?” అని వాడినే అడిగాడు.

“వద్దండీ,” అన్నాడు తమ్ముడు. “అక్కకి నిన్నటినుంచి ఒంట్లో బాలేదు.”

ఆఫీసరు కలం మూత పెట్టాడు. లక్క వేసిన సీసా ఒకటి తన బ్రీఫ్‌కేసులో పెట్టుకుని, రెండోది బల్ల మీద అక్క ముందు పెట్టాడు.

“ఇది మీ దగ్గర ఉంటుంది. ఇకనుంచి రాతిమొగ్గ పేరుతో మీరు తీసే ప్రతి సీసా దీనితో సరిపోవాలి. మేం ఎప్పుడైనా వచ్చి పోల్చి చూస్తాం. తేడా వస్తే ముద్ర రద్దవుతుంది. పన్నెండో పేజీలో వివరంగా ఉంది.” ఒక్క క్షణం ఆగి చీటీ లేని సీసా వైపు చూశాడు. “అలాంటిది ఆ పేరుతో బయట కనిపించకూడదు.”

వాళ్ళ కారు గేటు దాటేదాకా తమ్ముడు చేతులు జోడించే ఉన్నాడు. లోపలికి వచ్చి అక్క కళ్ళలోకి చూడలేక గ్లాసులు సర్దడం మొదలుపెట్టాడు.

“నీకు తెలుసు కదరా,” అంది అక్క.

“తెలుసక్కా.”

“మరి ఒంట్లో బాలేదంటావా? నాకా?”

“ఏం చెప్పమంటావే? నిజమేనండీ, మోసం చేశాం, ముద్ర ఆ కంపెనీకి వేసెయ్యండి అనమంటావా?” వాడి గొంతు పెరిగింది. “పిచ్చి పని చేసింది నువ్వు. నాకు ఒక్క మాట చెప్పావా? అందరూ వెధవల్లా కనిపిస్తారు నీకు. నాతో సహా.”

అక్క కాదనలేదు. నిజంగానే కనిపిస్తారు.

మరదలు తడి జుట్టు ముడి వేసుకుంటూ, ఊరికే అన్నట్టు అంది, “పోనీలెండి వదినా. మొగ్గలు లేకుండానే అంతలా మెచ్చుకున్నారంటే, ఇంక మొగ్గలెందుకు? కోతా, ఆరబెట్టడం, ఆ తిప్పలన్నీ తప్పుతాయి.”

ఆ మాటకి ఒంటికాలి మీద లేవాల్సిన మనిషి లేవలేదు. లేవడానికి పట్టు దొరకలేదు. ఆఫీసుకి వెళ్ళి నిజం ఒప్పుకుంటే పేరూ కొండా రెండూ కంపెనీకి పోతాయి. ఒప్పుకోకపోతే పేరు తనదే, కానీ ఆ పేరు రాసిన సీసాలో మొగ్గ ఉండకూడదు. మొగ్గ వేస్తే అది రాతిమొగ్గ జిన్ కాదని లక్క వేసిన సాక్ష్యం బల్ల మీద కూర్చుని ఉంది. ఎవరో పన్నిన ఉచ్చయితే కసితీరా తిట్టుకునేది. ఇది తనే, వారం రోజులు నవ్వుకుంటూ, తన చేత్తో పన్నుకుంది.

మధ్యాహ్నం షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకుంది. అసలు జిన్ గ్లాసులో పోసి, నీళ్ళు కలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు ఘాటు వచ్చింది. దాని వెనక చల్లదనం వచ్చింది. దాని వెనకే, మూడేళ్ళలో ఎన్నడూ లేనిది, దగ్గు సిరప్ వచ్చింది. గ్లాసు కడిగి మళ్ళీ పోసింది. మళ్ళీ అదే. నోరు పుక్కిలించి, బయట కాసేపు నడిచి, కిటికీలు తెరిచి, వేరే సీసా విప్పి చూసింది. అదీ అంతే. ఆ పట్టుగుడ్డ మనిషి తన ముక్కులోకి దూరి కూర్చున్నాడనిపించి ఏడుపొచ్చింది. ఆమె ఏడ్చి చాలా ఏళ్ళయింది, ఎలా ఏడవాలో కూడా సరిగ్గా గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న వెనక గుమ్మం దగ్గర బుట్టల పిన్ని బుట్టలు దించి, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

“పిన్నీ, ఇక మొగ్గలు తేవద్దు,” అంది అక్క.

“ఏమ్మా? సరిగ్గా లేవా?”

“బాగానే ఉన్నాయి. అక్కర్లేదు, అంతే.”

పిన్ని బుట్టలు మళ్ళీ భుజానికెత్తుకోబోయింది. అక్క ఆమెని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలీదు. మూడేళ్ళుగా ఈ మనిషి కోసి తెచ్చిన మొగ్గలతోనే బతికింది, ఒక్కనాడూ ఒక్క చుక్క పోసి ఎలా ఉందని అడగలేదు. అడిగే మనిషిలా ఆమె పిన్నిని ఎప్పుడూ చూడలేదు. రుచి చెప్పేవాళ్ళంటే ఎంత చులకనో, కోసేవాళ్ళంటే అంతకన్నా చులకన. కాకపోతే వీళ్ళ మీద కోపం ఉండేది కాదు, అందుకని అది చులకన అని తెలియలేదు.

చిన్న గ్లాసులో కొంచెం పోసి ఇచ్చింది. “తాగి చెప్పు. నిజం చెప్పు. ఇందులో దగ్గు సిరప్ వాసన వస్తోందా?”

పిన్ని గ్లాసు ఊపలేదు, వెలుతురుకి ఎత్తలేదు. గుటుక్కున మింగి, కళ్ళు చికిలించి, గొంతు సవరించుకుంది.

“దగ్గుదే కదమ్మా ఇది.”

“ఏమిటీ?”

“ఈ మొగ్గ దగ్గుదే కదా. మా అమ్మ మరిగించి పోసేది, వాళ్ళమ్మా పోసేదట. కొండ కింద ఎవరింట్లో దగ్గొచ్చినా ఇదే. మీరు అమ్మడానికి సీసాల్లో పోస్తుంటే, ఊళ్ళో ఇంతమందికి దగ్గుందా అనుకున్నాం మేము.”

“మరి నాకు చెప్పలేదేం?”

“రెండుసార్లు చెప్పబోయానమ్మా,” అంది పిన్ని, తప్పు తనదే అన్నట్టు. “కబుర్లు కట్టిపెట్టు, నాకు పనుంది అన్నారు.”

అక్క గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పుక్కిలింత అబద్ధాలకోరు, వట్టి గాలి మనిషి, గులాబీ లేనిచోట గులాబీని చూసినవాడు. ఆ మనిషి తన జన్మలో ఒకే ఒక్కసారి నాలుక మీద ఉన్నదేదో ఉన్నట్టు చెప్పాడు. కొండ కింద ఇళ్ళలో పసిపిల్లలకి కూడా తెలిసిన మాట చెప్పాడు. ఆ ఒక్కసారే ఆయన్ని వెధవ అనుకోవడంలో ఆమె పొరబడింది. ఇన్నాళ్ళూ తనే కనిపెట్టాననుకున్న మొగ్గని ఆ గదిలో గుర్తుపట్టినవాడు ఆయన. గుర్తుపట్టలేనిది తను.

“అవన్నీ ఏం చేస్తారమ్మా?” అని పిన్ని లోపలికి తొంగిచూసింది. గోడవారన చీటీ లేని సీసాలు నలభై రెండు ఉన్నాయి, మూడో ఏడాది పంట మొత్తం.

“పారబోయాలి. ఆ పేరుతో బయటికి పోకూడదట. వేరే పేరు పెట్టడం నా వల్ల కాదు.”

“అయ్యో, పారబోయడమెందుకు? మాకివ్వండి. చలికాలం వస్తోంది, మా వీధిలో ముసలాళ్ళు రాత్రంతా దగ్గుతూనే ఉంటారు. మీది మరిగించక్కర్లేదు కూడానూ.”

నిన్నటిదాకా అయితే ఆ మాటకి పిన్నిని గుమ్మం అవతలికి నెట్టేది. ఇప్పుడు లేచి, బుట్టల్లోని మొగ్గలు మెట్టు మీద కుమ్మరించి, లోపలినుంచి సీసాలు ఒక్కొక్కటే తనే తెచ్చి సర్దింది. ఒకదానికొకటి తగిలి పగలకుండా మధ్యమధ్య ఆ మొగ్గల్నే కూరింది. రెండు బుట్టల్లో పట్టినన్ని పట్టాయి, మిగతావి సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమంది.

“ఎంత పొయ్యాలమ్మా ఒక్కొక్కరికి?” అని అడిగింది పిన్ని.

“ఒక చెంచా. వేడినీళ్ళలో కలుపు,” అంది అక్క. “పిల్లలకి మాత్రం పొయ్యకు. వాళ్ళకి నువ్వు మామూలుగా మరిగించేదే ఇవ్వు.”

“అలాగేనమ్మా.”

పిన్ని రెండు బుట్టలూ మోసుకుంటూ కొండ దారి పట్టింది. అక్క షెడ్డులోకి వచ్చి, బట్టీ మెడలోంచి చిల్లుల బుట్ట బయటికి తీసి, మొగ్గల పొట్టు మిగలకుండా దులిపి, ఖాళీగానే మళ్ళీ లోపల వేలాడదీసింది. తమ్ముడు వచ్చి స్పిరిట్ ఎంత పోయమంటావని అడిగితే చెప్పింది. పొయ్యి వెలిగించి, మొదటి ధార కోసం బకెట్ పెట్టుకుని కూర్చుంది.